ఏఐ ఏజెంట్‌కి ఫైర్‌వాల్ టూల్స్ ఇస్తున్నప్పుడు డాక్యుమెంటేషన్‌లో ఏం రాయాలి? (యూఎఫ్‌డబ్ల్యూ, ఫైర్‌వాల్‌డీ, ఎన్‌ఎఫ్‌టీ)

గట్టుగోడ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఉబుంటు మెషీన్లలో యూఎఫ్‌డబ్ల్యూ, రాకీ లినక్స్‌లో ఫైర్‌వాల్‌డీ, డెబియన్ గేట్‌వేల్లో నేరుగా ఎన్‌ఎఫ్‌టీ. మూడూ లినక్స్‌లో ఫైర్‌వాల్ రూల్స్ రాసే టూల్సే. ఈ మూడింటినీ ఒకే ఎంసీపీ సర్వర్ (ఏజెంట్‌కి టూల్స్ అందించే సర్వర్) వెనక పెట్టి ఏజెంట్‌కి ఇవ్వాలి. పనులు నాలుగే: ఉన్న రూల్స్ చదివి చెప్పడం, పోర్టు తెరవడం, మూయడం, ఒక ఐపీని ఆపడం. కోడ్ సిద్ధంగా ఉంది, డాక్యుమెంటేషన్ మిగిలింది. మాన్ పేజీలు (కమాండ్లతో పాటు వచ్చే మాన్యువల్) ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేస్తే సరిపోతుందా, ఏజెంట్ కోసం వేరే రాయాలా? రాస్తే ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి?

ప్యాకెట్‌బండి

మాన్ పేజీ ఇవ్వకండి గట్టుగోడ గారూ. ఏయే ఆప్షన్లు ఉన్నాయో అది చెబుతుంది. ఈ మెషీన్ మీదికి మీరు ఏ దారిన వచ్చారో మీకు ముందే తెలుసని దాని లెక్క. ఏజెంట్‌కి ఆ సంగతి తెలియదు. తాను వాడుతున్న ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి, పోర్టు 22) దారి మీదే తాను రూల్ రాస్తున్నానని ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక్కో టూల్‌కి ఈ సంగతులు రాయండి: పని మొదలుపెట్టే ముందు ఏది నిజమై ఉండాలి, ఏం మారుతుంది (మెమరీలోనా, డిస్క్‌లోనా, రెండిట్లోనా), ఏ ఎగ్జిట్ కోడ్‌కి (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకెకి) ఏం అర్థం, జరిగిందో లేదో దేంతో చూడాలి, వెనక్కి ఎలా తీయాలి. చివరిది రాయలేకపోతే ఆ టూల్‌ని ఇంకా ఏజెంట్‌కి ఇవ్వకండి.

ఇది ఎందుకు అవసరమో యూఎఫ్‌డబ్ల్యూలో రూల్ తీసేయడం చూస్తే తెలుస్తుంది. ‘స్టేటస్ నంబర్డ్’ ఇలా వచ్చిందనుకోండి:

[1] 80/టీసీపీ అలౌ
[2] 8080/టీసీపీ అలౌ
[3] 8443/టీసీపీ అలౌ
[4] 22/టీసీపీ అలౌ

8080, 8443 తీసేయమన్నారు. ఏజెంట్ ‘డిలీట్ 2’ అని, వెంటనే ‘డిలీట్ 3’ అని రెండు కాల్స్ పంపింది. మొదటిది అవగానే లిస్టు ఒక మెట్టు పైకి జరిగింది. 8443 రెండో నంబరుకీ, 22 మూడో నంబరుకీ వచ్చాయి. రెండో కాల్‌తో పోయింది ఎస్‌ఎస్‌హెచ్. 8443 మాత్రం అలాగే తెరుచుకుని ఉంది. టూల్ రెండుసార్లూ ‘రూల్ తీసేశాం’ అనే చెప్పింది, అందులో అబద్ధం లేదు. మామూలుగా ‘డిలీట్’ ముందు యూఎఫ్‌డబ్ల్యూ ఒకసారి అడుగుతుంది. కానీ ఏజెంట్ జవాబు టైప్ చేసే చోట ఉండదు కాబట్టి రాపర్‌లో (కమాండ్‌ని నడిపే మీ కోడ్‌లో) ‘--ఫోర్స్’ పెట్టేస్తారు. ఆ ఒక్క ఆపే చోటూ అలా పోతుంది.

కాబట్టి డాక్యుమెంట్‌లో ఇలా రాయండి: నంబరుతో తీసేయడం లేదు, రూల్ వాక్యంతోనే తీసేయాలి. ‘డిలీట్ అలౌ 8080/టీసీపీ’ అంటే ఐపీవీ4 రూల్, దాని ఐపీవీ6 జంట రెండూ పోతాయి. నంబరుతో తీస్తే ఒకటే పోయి రెండోది మిగులుతుంది. రాపర్‌లో నంబరు తీసుకునే ప్యారామీటరే లేకుండా చేస్తే ఇంకా మంచిది.

రూట్_కాదు

ఫైర్‌వాల్‌డీ దగ్గర తప్పులు వేరే రకం. దానికి రెండు కాన్ఫిగరేషన్లు ఉంటాయి: ఇప్పుడు నడుస్తున్న రన్‌టైమ్, డిస్క్ మీద ఉన్న పర్మనెంట్. ‘--పర్మనెంట్’ పెట్టి పోర్టు చేర్చితే జవాబు ‘సక్సెస్’ అని వస్తుంది, కానీ ‘--రీలోడ్’ చేసేదాకా పోర్టు తెరుచుకోదు. ‘--పర్మనెంట్’ లేకుండా చేర్చితే వెంటనే తెరుచుకుంటుంది, రీబూట్‌కో రీలోడ్‌కో పోతుంది. రెండిటికీ ‘సక్సెస్’ అనే మాటే. అందుకని టూల్ జవాబులో ‘రన్‌టైమ్: అవును, పర్మనెంట్: కాదు’ అని రెండు ఫీల్డులు విడిగా ఇవ్వండి, వాటి అర్థం డాక్యుమెంట్‌లో రాయండి.

ఎగ్జిట్ కోడ్స్ పట్టిక తప్పకుండా ఉండాలి. ‘--క్వెరీ’తో మొదలయ్యే ఆప్షన్లు ఉంటే 0, లేకపోతే 1 ఇస్తాయి. ఆ 1 ఎర్రర్ కాదు, ‘లేదు’ అనే జవాబు. దాన్ని వైఫల్యం అనుకున్న ఏజెంట్ అదే ప్రశ్నని మళ్లీ మళ్లీ అడుగుతూ కూర్చుంటుంది. 252 వస్తే ఫైర్‌వాల్‌డీ అసలు నడవడం లేదని. అప్పుడు ఏజెంట్ దాన్ని తనంతట తాను స్టార్ట్ చేయకూడదని కూడా రాయండి. ఆపి ఉంచినవాళ్లకి ఒక కారణం ఉండొచ్చు. ఐపీటేబుల్స్ (ఎన్‌ఎఫ్‌టీకి ముందటి టూల్) వాడే చోట ‘-పెద్ద సీ’ కూడా ఇదే పద్ధతి: రూల్ ఉంటే 0, లేకపోతే 1. వేరే ప్రాసెస్ లాక్ పట్టుకుని ఉంటే 4 వస్తుంది, దానికి ‘-డబ్ల్యూ’ పెట్టి ఆగాలి.

జోన్ (ఒకే రూల్స్ వర్తించే ఇంటర్‌ఫేస్‌ల గుంపు) సంగతి మర్చిపోవద్దు. ‘--జోన్’ ఇవ్వకపోతే రూల్ డిఫాల్ట్ జోన్‌లో పడుతుంది. ఇంటర్‌ఫేస్ ఇంకో జోన్‌లో ఉంటే పోర్టు తెరిచామనుకుంటాం, ప్యాకెట్ అక్కడికి రాదు. జోన్‌ని తప్పనిసరి ప్యారామీటర్‌గా పెట్టి, ముందు ‘--గెట్-యాక్టివ్-జోన్స్’ చూడమని రాయండి.

వేపచెట్టు

రాసినవన్నీ సరైనవే, కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. ‘ఎస్‌ఎస్‌హెచ్ రూల్ ముట్టుకోవద్దు’ అని డాక్యుమెంట్‌లో పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన అది కాపలా కాదు. మోడల్ ఆ వాక్యాన్ని దాదాపు ఎప్పుడూ పాటిస్తుంది. ఫైర్‌వాల్‌కి ఆ ‘దాదాపు’ చాలదు. కాపలా టూల్ లోపల ఉండాలి. ఆ కాపలా ఎలా పనిచేస్తుందో, అడ్డుపడినప్పుడు ఏం చేయాలో చెప్పడమే డాక్యుమెంట్ పని.

అలాంటి కాపలాల్లో మొదటిది టైమర్‌తో వెనక్కి వెళ్లడం. నెట్‌వర్క్ పరికరాల్లో ఇది పాత అలవాటే. జూనోస్‌లో (జునిపర్ పరికరాల సిస్టమ్) ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఇస్తే, ధ్రువీకరించకపోతే 10 నిమిషాలకి డిఫాల్ట్‌గా పాత కాన్ఫిగరేషన్ వచ్చేస్తుంది. ఓపీఎన్‌సెన్స్ (ఓపెన్ సోర్స్ ఫైర్‌వాల్) ఏపీఐలో సేవ్‌పాయింట్ తీసుకుని అప్లై చేస్తే, రోల్‌బ్యాక్‌ని రద్దు చేయమని 60 సెకన్లలో చెప్పకపోతే అదే వెనక్కి తిప్పుతుంది. ఐపీటేబుల్స్‌కి ‘ఐపీటేబుల్స్-అప్లై’ ఉంది. మన మూడు టూల్స్‌కీ అలాంటిది కట్టుకోవాలి.

గట్టుగోడ

వేపచెట్టు గారూ, మూడింటికీ ఒకే టైమర్ సరిపోతుందా? సిస్టమ్‌డీ-రన్‌తో (కమాండ్‌ని టైమర్ మీద నడిపే లినక్స్ టూల్) 5 నిమిషాల టైమర్ పెట్టి పాత ఫైలు లోడ్ చేయించాలనుకుంటున్నాను.

వేపచెట్టు

టైమర్ ఒకటే చాలు. అది నడిపే కమాండ్ మాత్రం మూడు చోట్లా వేరు.

ఎన్‌ఎఫ్‌టీకి: ‘లిస్ట్ రూల్‌సెట్’ని ఫైలులోకి తీసుకుంటాం కదా, ఆ ఫైలులో మొదటి వరుసగా ‘ఫ్లష్ రూల్‌సెట్’ ఉండదు. అలాగే మళ్లీ లోడ్ చేస్తే పాత రూల్స్ కొత్తవాటి పక్కన చేరతాయి, తీసేయాల్సిన రూల్ ఎక్కడికీ పోదు. పోనీ పైన ‘ఫ్లష్ రూల్‌సెట్’ పెడితే డాకర్ (కంటైనర్లు నడిపేది), ఫెయిల్2బ్యాన్ (దాడి చేసే ఐపీలని ఆపేది) పెట్టుకున్న టేబుల్స్ కూడా ఊడిపోతాయి. అందుకని ఏజెంట్‌కి ఒక సొంత టేబుల్ ఇవ్వండి, ఫైలు ఆ టేబుల్ వరకే ఉండనివ్వండి. ఫైలులో క్రమం ఇది: ఖాళీ టేబుల్ ప్రకటన, ఆ టేబుల్ డిలీట్, మళ్లీ నిండు టేబుల్. మొదటి వరుస ఎందుకంటే, టేబుల్ లేనప్పుడు డిలీట్ ఫెయిలై మొత్తం లోడ్ ఆగిపోతుంది. ‘-ఎఫ్’తో ఇచ్చిన ఫైలు ఒకే ట్రాన్సాక్షన్, అయితే అంతా అవుతుంది, లేకపోతే ఏదీ కాదు. అదే పనిని విడివిడి కమాండ్లుగా చేస్తే మధ్యలో క్షణకాలం గోడ ఉండదు. లోడ్ చేసే ముందు ‘-చిన్న సీ -ఎఫ్’తో సరిచూడాలి. కానీ అది చూసేది వ్యాకరణాన్నీ, కెర్నెల్ ఒప్పుకుంటుందా లేదా అన్నదాన్నీ మాత్రమే. మిమ్మల్ని మీరే బయట పెట్టుకునే రూల్‌ని కూడా ‘బాగుంది’ అంటుంది. ఈ వాక్యం డాక్యుమెంట్‌లో తప్పకుండా ఉండాలి.

ఫైర్‌వాల్‌డీకి: చేర్చే రూల్స్‌కి ‘--టైమవుట్=5ఎమ్’ దానిలోనే ఉంది. ‘--పర్మనెంట్’తో కలిపి వాడలేం, వాడాల్సిన పనీ లేదు. తీసేసే రూల్స్‌కి టైమవుట్ లేదు. అక్కడ రన్‌టైమ్‌లో మాత్రమే తీసేసి, టైమర్‌తో ‘--రీలోడ్’ పెట్టండి. డిస్క్ మీది పాత కాన్ఫిగరేషనే తిరిగొస్తుంది. రీలోడ్‌తో పర్మనెంట్‌లో లేని రన్‌టైమ్ రూల్స్ అన్నీ పోతాయని పక్కనే రాయండి.

యూఎఫ్‌డబ్ల్యూతోనే చిక్కు. అది ప్రతి రూల్‌నీ వెంటనే డిస్క్‌కి రాసేస్తుంది. సిస్టమ్‌డీ-రన్ పెట్టిన టైమర్ మాత్రం రీబూట్‌కి మాయమవుతుంది. ఆ 5 నిమిషాల్లో మెషీన్ రీస్టార్ట్ అయితే తప్పు రూల్ మిగులుతుంది, దాన్ని తిప్పాల్సిన టైమర్ ఉండదు. ముందుగా యూఎఫ్‌డబ్ల్యూ డైరెక్టరీలోని యూజర్.రూల్స్, యూజర్6.రూల్స్ రెండూ కాపీ చేసుకుని, టైమర్‌లో వాటిని వెనక్కి పెట్టి ‘రీలోడ్’ చేయించాలి. రీబూట్ సంగతికి, బూట్‌లో ‘పెండింగ్ మార్పు’ ఫైలు ఉందేమో చూసి పాతవి పెట్టే చిన్న యూనిట్ ఇంకొకటి అవసరం.

టైమర్ యూనిట్‌కి స్థిరమైన పేరు పెట్టండి. అదే పేరుతో రెండోది పెట్టబోతే సిస్టమ్‌డీ ఒప్పుకోదు. ఒక మార్పు తేలకముందే ఏజెంట్ ఇంకోటి మొదలుపెట్టకుండా అదే అడ్డుకుంటుంది.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. ‘నా కనెక్షన్ ఇంకా నడుస్తోంది కాబట్టి మార్పు బాగానే ఉంది’ అని ఏజెంట్ అనుకోకూడదు. దాదాపు ప్రతి రూల్‌సెట్‌లోనూ ‘ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ యాక్సెప్ట్’ (ముందే మొదలైన కనెక్షన్లని రానిచ్చే రూల్) పైనే ఉంటుంది. 22ని పూర్తిగా మూసేసినా పాత సెషన్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, కొత్తది మాత్రం రాదు. కాబట్టి ధ్రువీకరణ వేరే మెషీన్ నుంచి, కొత్త టీసీపీ కనెక్షన్‌తో జరగాలి. ఆ పని చేసే టూల్ విడిగా ఉండాలి, అది సరే అన్నాకే టైమర్ ఆపాలి.

తాటితోపు

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక ఐపీని ఆపమని ఏజెంట్‌కి చెబితే, డ్రాప్ రూల్ ఆ ‘ఎస్టాబ్లిష్డ్’ వరుస కింద పడితే, దాడి చేస్తున్నవాడి పాత కనెక్షన్ తెగదు. రూల్ పైన పెట్టాలి, లేదా కాన్‌ట్రాక్ టూల్‌తో, కెర్నెల్ గుర్తుంచుకున్న కనెక్షన్ల పట్టిక నుంచి ఆ ఎంట్రీలు తీసేయాలి. ‘ఐపీ ఆపు’ టూల్ వివరణలో ‘ఉన్న కనెక్షన్లని తెంచుతుందా?’ అనే ప్రశ్నకి సూటి జవాబు ఉండాలి.

మంచుకొండ

డాకర్ మెషీన్లకి ఒక పేరా వేరుగా రాయండి. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టుకి వచ్చే ప్యాకెట్ గమ్యం ప్రీరౌటింగ్‌లోనే (దారి ఎంచకముందే) మారిపోయి ఫార్వర్డ్ చెయిన్‌కి (మెషీన్ ద్వారా వేరే చోటికి వెళ్లే ప్యాకెట్ల రూల్స్ వరుసకి) వెళుతుంది. యూఎఫ్‌డబ్ల్యూ మామూలు రూల్స్ ఇన్‌పుట్ చెయిన్‌లో (మెషీన్‌కే వచ్చే ప్యాకెట్ల వరుసలో) ఉంటాయి. అందుకే ‘డినై 8080’ అన్నాక స్టేటస్‌లో డినై కనబడుతుంది, బయటివాళ్లకి 8080 తెరుచుకునే ఉంటుంది. స్టేటస్ మాత్రమే చదివే ఏజెంట్ ‘మూసేశాను’ అని రిపోర్టు ఇస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. కంటైనర్‌ని 127.0.0.1:8080:80 అని లోకల్‌కే పబ్లిష్ చేయడం ఒకటి. డాకర్-యూజర్ చెయిన్‌లో రూల్ రాయడం రెండోది. రెండో దాంట్లో, ప్యాకెట్ అక్కడికి వచ్చేసరికి పోర్టు ఇప్పటికే కంటైనర్ పోర్టుగా, అంటే 80గా మారి ఉంటుంది. 8080 అని రాస్తే తగలదు. అసలు పోర్టుతో పట్టాలంటే కాన్‌ట్రాక్‌లోని ‘--సీటీఆరిగ్‌డీఎస్‌టీపోర్ట్’ వాడాలి. ఏజెంట్‌కి ఈ రూల్ రాసే అధికారం ఇవ్వకుండా, ‘డాకర్ ఉంది, పబ్లిష్డ్ పోర్టు, మనిషిని అడుగు’ అని టూల్ ఎర్రర్ ఇస్తే చాలు.

గట్టుగోడ

ఒక టూల్ వివరణ ఎంత పొడవు ఉండాలి? ఎవరైనా నమూనా రాసి చూపిస్తారా?

ప్యాకెట్‌బండి

ఫైర్‌వాల్‌డీకి పోర్టు తెరిచే టూల్ ఇలా రాస్తాను. పేర్లు మీ కోడ్‌లో ఉన్నట్టే ఉంచండి.

‘పోర్టు_తెరువు: ఇచ్చిన సోర్స్ నుంచి ఒక పోర్టుని ఇచ్చిన జోన్‌లో 300 సెకన్లు తెరుస్తుంది. రన్‌టైమ్‌లో మాత్రమే, డిస్క్ మీద ఏమీ రాయదు. శాశ్వతం చేయాలంటే బయటి_తనిఖీ సరే అన్నాక మార్పు_ఖాయం పిలవాలి. ముందు రూల్స్_చదువు పిలిచి జోన్ పేరు తెలుసుకో, ఊహించకు. సోర్స్ తప్పనిసరి. అన్ని అడ్రసులకీ తెరవమంటే ఈ టూల్ తిరస్కరిస్తుంది, అందరికీ_తెరువు అనే వేరే టూల్‌కి మనిషి అనుమతి కావాలి. ముందే తెరిచి ఉంటే జవాబు “మార్పు లేదు”, అది ఎర్రర్ కాదు. “పెండింగ్ మార్పు ఉంది” అని వస్తే మళ్లీ ప్రయత్నించకు, పెండింగ్_చూడు పిలువు. పోర్టుని మూయడానికి ఈ టూల్ వాడకు.’

ఇంతే. ఆప్షన్ల జాబితా స్కీమాలో ఉంటుంది: పోర్టు 1 నుంచి 65535 వరకు పూర్ణాంకం, ప్రోటోకాల్ రెండే విలువలు. దాన్ని వివరణలో మళ్లీ రాయొద్దు. రెండు చోట్ల రాస్తే రేపు ఒకచోట మారి ఇంకోచోట మిగులుతుంది.

‘ఎప్పుడు వాడకూడదు’ అన్న వాక్యాన్ని వదలకండి. పేర్లు దగ్గరగా ఉన్న టూల్స్ మధ్య ఏజెంట్ తడబడకుండా నిలబెట్టేది అదే.

ఎర్రర్ మెసేజీలు కూడా డాక్యుమెంటేషనే. ‘ఫెయిల్డ్’ అని ఊరుకుంటే ఏజెంట్ ప్యారామీటర్లు మార్చి మార్చి కొట్టి చూస్తుంది. ‘జోన్ “ఇంటర్నల్” యాక్టివ్ కాదు, యాక్టివ్ జోన్స్: పబ్లిక్’ అంటే ఒక్క అడుగులో సర్దుకుంటుంది.

వేపచెట్టు

నమూనా బాగుంది. శాశ్వతం చేసేటప్పుడు ‘--రన్‌టైమ్-టు-పర్మనెంట్’ వాడొద్దని మీకు మీరే ఒక నోట్ రాసుకోండి గట్టుగోడ గారూ. అది ఆ నిమిషంలో రన్‌టైమ్‌లో ఉన్న ప్రతిదాన్నీ డిస్క్‌కి ఎక్కిస్తుంది, ఇంకెవరో తాత్కాలికంగా పెట్టినవాటితో సహా. ఆ ఒక్క రూల్‌నే ‘--పర్మనెంట్’తో మళ్లీ రాయండి. మీ 300 సెకన్ల టైమవుట్ రన్‌టైమ్ రూల్‌ని తీసేస్తుంది కాబట్టి, ఖాయం చేశాక రీలోడ్ కూడా కావాలి. లేకపోతే పర్మనెంట్‌లో ఉండి రన్‌టైమ్‌లో లేని రూల్ మిగులుతుంది.

రూట్_కాదు

ఎంసీపీలో టూల్ యానోటేషన్లు కూడా నింపండి. 2025 మార్చి 26 నాటి స్పెసిఫికేషన్ నుంచి ఉన్నాయి: చదవడానికే, నష్టం కలిగించేది, మళ్లీ పిలిచినా అదే ఫలితం, బయటి ప్రపంచంతో పని. ఏమీ రాయకపోతే టూల్ మారుస్తుందనీ, నష్టం కలిగించగలదనీ డిఫాల్ట్ లెక్క. రూల్స్_చదువు లాంటి వాటికి ‘చదవడానికే’ అని పెట్టకపోతే ప్రతి చదువుకీ క్లయింట్ అనుమతి అడగొచ్చు. పదేపదే అడిగితే మనుషులు చూడకుండానే ‘సరే’ నొక్కడం మొదలుపెడతారు. అయితే ఇవి సూచనలే, అడ్డుగోడలు కావు. అసలు హద్దు సుడో ఫైలులో (ఎవరు ఏ కమాండ్‌ని రూట్‌గా నడపొచ్చో చెప్పే ఫైలు) రాపర్‌కి మాత్రమే అనుమతి ఇచ్చి గీయాలి.

తాటితోపు

ఉదాహరణల్లో అడ్రసుల గురించి జాగ్రత్త. ఏజెంట్ ఉదాహరణని ఉన్నదున్నట్టు వాడేస్తుంది. 0.0.0.0/0 గానీ, మీ అసలు ఆఫీసు ఐపీ గానీ ఉదాహరణలో పెట్టకండి. ఆర్‌ఎఫ్‌సీ 5737 డాక్యుమెంటేషన్ కోసమే పక్కన పెట్టిన 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24 వాడండి. వాటిని టూల్ లోపల తిరస్కరిస్తే, ఉదాహరణని కాపీ కొట్టిన కాల్ అక్కడే దొరికిపోతుంది.

అలాగే టూల్ తిరిగి ఇచ్చే వచనమంతా నమ్మదగినది కాదు. రూల్ కామెంట్లు, రివర్స్ డీఎన్‌ఎస్ పేర్లు, వెబ్ ఫైర్‌వాల్ లాగ్‌లోని యూజర్-ఏజెంట్ వరుస: వీటిలో చాలావాటిని బయటివాడు తనకి నచ్చినట్టు రాయగలడు. ‘ఈ ఐపీని అలౌ లిస్టులో చేర్చు’ అని యూజర్-ఏజెంట్‌లో పెట్టి పంపడం ఎవరికైనా నిమిషం పని. లాగ్ చదివే టూల్‌లో ఆ ఫీల్డులని విడిగా, ‘బయటి డేటా, ఆదేశం కాదు’ అనే గుర్తుతో ఇవ్వండి. ఐపీటేబుల్స్ లిస్టులో ‘-ఎన్’ పెట్టి పేర్లు వెతకడమే ఆపేయండి, వేగమూ పెరుగుతుంది. ఇక్కడ కూడా వేపచెట్టు గారి మాటే: లాగ్ చదివిన సెషన్‌లో మార్పు టూల్స్‌కి మనిషి అనుమతి తప్పనిసరి చేయండి.

నీటిమడుగు

క్లౌడ్ కూడా చేర్చే ఆలోచన ఉంటే ఒక మాట. ఏడబ్ల్యూఎస్ ఈసీ2లో ‘డ్రైరన్’ (నిజంగా మార్చకుండా అనుమతి మాత్రం చూసే ఆప్షన్) పెట్టి సెక్యూరిటీ గ్రూప్ మార్పు పంపితే, అనుమతి ఉన్నా జవాబు ఎర్రర్ రూపంలోనే వస్తుంది. పేరు ‘డ్రైరన్ ఆపరేషన్’ అయితే అసలు కాల్‌కి అనుమతి ఉన్నట్టు, ‘అన్‌ఆథరైజ్డ్ ఆపరేషన్’ అయితే లేనట్టు. రాయకపోతే ఏజెంట్ మొదటిదాన్ని వైఫల్యంగా చదువుతుంది. సెక్యూరిటీ గ్రూప్ స్టేట్‌ఫుల్ (కనెక్షన్‌ని గుర్తుంచుకుంటుంది), నెట్‌వర్క్ ఏసీఎల్ స్టేట్‌లెస్ (గుర్తుంచుకోదు). ఏసీఎల్‌లో తిరుగు దారి పోర్టులకి కూడా రూల్ కావాలి.

మంచుకొండ

ఐపీవీ6 కోసం ఒక వరుస: ‘ఐసీఎంపీ (పింగ్, ఎర్రర్ సందేశాల ప్రోటోకాల్) మొత్తం మూసేయి’ అనే కోరికని టూల్ ఒప్పుకోకూడదు. ఐసీఎంపీవీ6 135, 136 ఆగితే పక్క మెషీన్ అడ్రసే దొరకదు. టైప్ 2 (‘ప్యాకెట్ మరీ పెద్దది’ అనే సందేశం) ఆగితే చిన్న ప్యాకెట్లు వెళతాయి, పెద్దవి మధ్యలో ఇరుక్కుంటాయి. పింగ్ బాగానే ఉంటుంది, ఫైలు డౌన్‌లోడ్ మాత్రం నిలిచిపోతుంది. ఈ లక్షణం చూసి కారణం పట్టుకోవడం మనిషికీ కష్టమే, ఏజెంట్‌కీ కష్టమే.

నీటిమడుగు

లాగ్ గురించి ఎవరూ అనలేదు. మన దేశంలో సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఐసీటీ సిస్టమ్స్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సంఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. ఏజెంట్ చేసిన ప్రతి మార్పుకీ ఎవరు అడిగారు, ఏ టూల్, ఏ ప్యారామీటర్లు, ముందు రూల్‌సెట్, తర్వాత రూల్‌సెట్, బయటి తనిఖీ ఫలితం నమోదు చేయండి. లాగ్ రాసేది రాపర్ కావాలి. ఏజెంట్ తన మాటల్లో రాసే సారాంశం దానికి బదులు కాదు.

గట్టుగోడ

అందరికీ ధన్యవాదాలు. రాత్రికి ఇలా మార్చాను: నంబరుతో డిలీట్ తీసేశాను, జోన్, సోర్స్ తప్పనిసరి చేశాను, ప్రతి మార్పుకీ 300 సెకన్ల టైమర్ పెట్టాను. ధ్రువీకరణ వేరే మెషీన్ నుంచి కొత్త కనెక్షన్‌తో జరుగుతుంది. ఒక్కో వివరణ ప్యాకెట్‌బండి గారి నమూనా పొడవే. వివరణ తెలుగులో ఉండొచ్చా, ఇంగ్లిష్‌లోనే ఉండాలా అన్నది మిగిలింది.

ప్యాకెట్‌బండి

తెలుగులో రాసినా అర్థం చేసుకుంటుంది. ఎక్కువ మోడల్స్‌లో అదే సంగతికి తెలుగులో టోకెన్లు ఎక్కువ అవుతాయి, అది ఒక్కటే ఖర్చు. జోన్ పేరు, ప్యారామీటర్ పేరు, ఎర్రర్ కోడ్ మాత్రం సిస్టమ్‌లో ఉన్న లిపిలోనే ఉంచండి. వాటిని తెలుగు అక్షరాల్లోకి మారిస్తే ఏజెంట్ అదే రూపంలో తిరిగి పంపుతుంది, ఫైర్‌వాల్‌డీ ‘అలాంటి జోన్ లేదు’ అంటుంది.

వేపచెట్టు

300 సెకన్లు పెట్టారు కదా, మనిషి అనుమతి కోసం ఆగే సమయం అందులో కలిసిపోకుండా చూడండి. అనుమతి వచ్చాకే టైమర్ మొదలవ్వాలి. లేకపోతే మనిషి ‘సరే’ అనేలోపే మార్పు వెనక్కి పోతుంది, ఏజెంట్ అది ఖాయమైందనుకుని ముందుకెళుతుంది. మార్పు_ఖాయం టూల్ కూడా టైమర్ ఇంకా బతికే ఉందో లేదో చూసి, లేకపోతే ‘గడువు దాటింది, రూల్ ఇప్పుడు లేదు’ అని చెప్పాలి.

గట్టుగోడ

మార్పు_ఖాయంలో ఆ తనిఖీ లేదు. ఇప్పుడే చేరుస్తున్నాను.